ఒక్కరి ఫొటోలకే ఒక మ్యూజియం

మీ ఫోన్ గ్యాలరీలో ఎన్ని ఫొటోలున్నాయి? నా దాంట్లో మొన్న చూస్తే 9,000 దాటాయి. వాటిలో దాచాల్సినవి ఏవి అని అడిగితే మాత్రం చెప్పలేను. అందుకే ఒక్క ఫొటోగ్రాఫర్ కోసమే కట్టిన మ్యూజియం ఒకటుందని తెలిసి, దాని గురించి చదవడం మొదలుపెట్టాను.

అది జపాన్‌లోని సకత అనే ఊళ్ళో ఉంది. కెన్ దొమోన్ 1909లో అక్కడే పుట్టారు. పెద్ద ఫొటోగ్రాఫర్ అయ్యాక, తన ఫొటోలన్నీ సొంత ఊరికే ఇచ్చేస్తానన్నారు. మొత్తం సుమారు 70,000. వాటి కోసం చెరువు ఒడ్డున ఒక భవనం కట్టి 1983లో తెరిచారు. జపాన్‌లో ఫొటోగ్రఫీకంటూ వచ్చిన మొదటి మ్యూజియం ఇదే. డిజైన్ చేసింది యోషియో తానిగుచి.

సరే, ఒక్కరి పనంతా ఒకేచోట ఉంటే లాభం ఏంటి? దొమోన్ హిరోషిమా అణుబాంబు బాధితుల్ని తీశారు. మూతపడుతున్న బొగ్గు గనుల దగ్గర పేద పిల్లల్ని తీశారు. ఆ పిల్లల పుస్తకం అందరూ కొనగలగాలని 1960లో ముతక కాగితం మీద అచ్చువేసి 100 యెన్లకే అమ్మారు. ఇంకోపక్క పాత బౌద్ధ ఆలయాల్నీ తీశారు. విడివిడిగా చూస్తే ముగ్గురు వేర్వేరు మనుషులు తీశారేమో అనిపిస్తుంది. పక్కపక్కన పెడితే అలవాటు ఒకటేనని తెలుస్తుంది: బాగా దగ్గరికెళ్ళి చూడటం. బాధితుడి ఒంటి మీద మచ్చనైనా, బుద్ధుడి విగ్రహం చేతినైనా అంతే దగ్గరగా చూశారు. ఒక్క ఫొటోలో ఇది దొరకదు.

ఇంకో విషయం. వెలుతురు తగిలేకొద్దీ ప్రింట్లు వెలిసిపోతాయి. అందుకే ఇలాంటి మ్యూజియాల్లో కొన్నే గోడకెక్కిస్తారు, కొన్నాళ్ళకు మారుస్తారు. మిగతావి చీకట్లో, చల్లగా భద్రంగా ఉంటాయి. అంటే ఎక్కువ పని మనకు కనిపించని గదిలోనే జరుగుతుంది.

నన్ను ఆపేసింది మాత్రం ఒక తేదీ. 1979లో దొమోన్‌కి పక్షవాతం వచ్చి స్పృహ పోయింది. 1990లో చనిపోయేదాకా తిరిగి రాలేదు. తన మ్యూజియాన్ని ఆయన చూడనేలేదు. మాట ముందే ఇచ్చారు కాబట్టి పని ఆగలేదు.

మన దగ్గర ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఉన్నారు కదా. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అవి కూడా ఎవరో ఒకరు పూనుకుని దాచబట్టే మిగిలాయి.

మా ఇంట్లో అమ్మమ్మ పెళ్ళి ఫొటో ఒక్కటే ఉంది. దాని వెనక తాతయ్య నీలం సిరాతో అందరి పేర్లూ రాశారు. ఆ పేర్లు లేకపోతే అందులో సగం మంది మాకు ఎవరో తెలిసేది కాదు. డేటా ఉంటే సరిపోదు, లేబుల్ ఉండాలని మాకు క్లాసులో చెప్తారు. తాతయ్యకి ఆ క్లాసు అక్కర్లేకపోయింది.

ఈ ఆదివారం నా 9,000లోంచి 20 ఫొటోలు ఏరి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాశాను. మూడు గంటలు పట్టింది. రెండు ఫొటోల్లో ఉన్నదెవరో అప్పటికే మర్చిపోయాను.