రక్తం తక్కువైతే ఎండోస్కోపీ ఎందుకు?

మన సొసైటీకి సహాయం కోరి వచ్చేవారిలో "రక్తం తక్కువగా ఉంది" అన్న చీటీ పట్టుకొచ్చేవారు చాలామంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ వయసులో నెలసరి, కాన్పులు, చాలీచాలని తిండి ముఖ్య కారణాలు. కానీ మగవారిలో, నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఐరన్ తగ్గిందంటే కడుపులోనో పేగుల్లోనో రక్తం కారుతున్నదేమో చూడాలి. రోజుకు చెంచాడు పోయినా మలంలో కంటికి కనబడదు.

ఈ సంగతి మేము ఆలస్యంగా నేర్చుకున్నాం. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి తాపీ మేస్త్రీ ఒకరు, యాభై దాటిన పెద్దమనిషి, నాలుగు మెట్లెక్కితే ఆయాసమంటూ వచ్చారు. మగవారికి 13 ఉండవలసిన హిమోగ్లోబిన్ ఆయనకు 6. రక్తం ఎక్కించడానికి డబ్బిచ్చాం. మూడు నెలలకు మళ్లీ తగ్గింది, మళ్లీ ఇచ్చాం. ఎక్కించిన రక్తం ఎటు పోతోందని మాలో ఒక్కరమూ అడగలేదు! మోకాళ్ల నొప్పికి మింగే గోలీల వల్ల కడుపులో పుండు పడిందేమో అనుకున్నాం. ఎండోస్కోపీలో కాస్త వాపే కనబడింది. డాక్టరు అంతటితో ఆగకుండా కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగు కుడివైపున కేన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది. అల్లాహ్ దయవల్ల ఇప్పుడు జుమాకు నడిచి వస్తున్నారు.

ముందు ఫెరిటిన్ అనే రక్తపరీక్షతో ఐరన్ లోపమని తేల్చుకుంటారు. తర్వాత కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి గుండా పంపి అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదలు చూస్తారు. పుండ్లు, కేన్సర్, ఒక్కోసారి రక్తం పీల్చే కొంకి పురుగులు కనబడతాయి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఇది కోత కాదు, కొద్ది నిమిషాల పని, పరగడుపున వెళ్లాలి. కొలనోస్కోపీకి ముందు విరేచనాల మందు తాగాలి, డాక్టరు చెప్పిన ప్రకారం వారం ముందే ఐరన్ గోలీలు ఆపాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందుగానే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. మన ఇళ్లలోని పెద్ద ఆడవారు సిగ్గుతో వెనకాడుతుంటారు; పక్కన నర్సమ్మ ఉండాలని నిస్సంకోచంగా అడగవచ్చు.

జకాత్, సదకా ఇచ్చే దాతలకు మా మనవి: రక్తం సీసాకు ఇచ్చినట్లే ఈ పరీక్షలకూ, వరంగల్‌కో హైదరాబాదుకో వెళ్లి వచ్చే ఖర్చులకూ, తోడు వెళ్లే మనిషి పోగొట్టుకునే కూలికీ కొంత కేటాయించండి. ఇకపై రెండోసారి రక్తం కోసం వచ్చిన వారిని కారణం కనుక్కున్నారా అని ముందుగా అడుగుతున్నాం.