పడటం వస్తే సగం వచ్చినట్టే

‘‘వాడికి కరాటే ఎందుకండీ? అసలే అడుగు సరిగా పడదు. ఎక్కడైనా పడితే ఎవరిది పూచీ?’’

వైకల్యం ఉన్న పిల్లల ఇళ్లలో తరచూ వినపడే మాట ఇది. ప్రేమతోనే అంటారు, తప్పుపట్టడానికి లేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. చంకకర్రలతో నడిచే పిల్లవాడు కరాటేకు వెళ్లకపోయినా పడతాడు. తడిసిన బాత్రూంలో పడతాడు, ఆర్టీసీ బస్సు మెట్ల మీద పడతాడు, ఫంక్షన్ హాల్లో నున్నటి టైల్స్ మీద పడతాడు. జీవితాంతం పక్కనే ఉండి పట్టుకోవడం ఏ అమ్మకూ నాన్నకూ సాధ్యం కాదు. సరిగ్గా పడటం నేర్పించడం మాత్రం సాధ్యమే.

జూడోలో తొలి పాఠం పేరు ఉకెమి. అంటే దెబ్బ తగలకుండా పడే పద్ధతి. గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి, తల వెనకభాగం నేలకు కొట్టుకోకుండా. వీపును గుండ్రంగా వంచాలి. పడుతున్న క్షణంలో ఊపిరి వదిలేయాలి. చెయ్యి చాపి నేలను ఆపబోతే విరిగేది మణికట్టే. అందుకే అరచేతి నుంచి మోచేతి పైదాకా మొత్తం చేత్తో చాపను గట్టిగా చరుస్తారు. దెబ్బ ఒక్కచోట దిగకుండా పరుచుకుంటుంది. ఇదంతా మొదట పడుకుని, తర్వాత కూర్చుని, ఆ తర్వాత గొంతుక్కూర్చుని, చివరికి నిలబడి సాధన చేయిస్తారు. ఒక్క చెయ్యే ఉన్నవారు ఆ చేతివైపు తిరిగి పడటం అలవాటు చేసుకోవాలి. చంకకర్రలున్నవారు ముందు ఆ కర్రల్ని పక్కలకు విసిరేయడం నేర్చుకోవాలి. లేకపోతే పడేది వాటి మీదే.

మెత్తటి చాప మీద ఇలా పదేపదే పడి లేచిన పిల్లవాడి నడక చూడండి. గోడ పట్టుకుని నేల చూస్తూ నడిచినవాడు తలెత్తి ఎదురుగా చూస్తాడు. పడితే ఏం చేయాలో ఒంటికి తెలిశాక మనసు ఆ భయాన్ని మోయడం మానేస్తుంది. ఆత్మవిశ్వాసం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఈ మార్పు రాదు.

ఇక రెండో సంగతి. మన దగ్గర దివ్యాంగులకిచ్చే సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతమో రాస్తారు. పింఛనుకు, బస్సు పాసుకు ఆ అంకె కావాలి, కాదనను. కానీ ఆ కాగితం మీద లేనిదాని లెక్కే ఉంటుంది, ఉన్నదాని లెక్క ఉండదు. యుద్ధవిద్యల్లో మొదలుపెట్టాల్సింది ఉన్నదాంతోనే.

ఆంథోనీ రోబుల్స్ అనే అమెరికన్ కుర్రాడికి పుట్టుకతోనే కుడి కాలు లేదు. కుస్తీ ఎంచుకున్నాడు. చేతులూ భుజాలూ గట్టిపడ్డాయి. చాపకు బాగా దగ్గరగా, వంగి పోరాడటం నేర్చుకున్నాడు. ప్రత్యర్థి పట్టుకుందామంటే అక్కడ రెండో కాలు లేదు. 2011లో అమెరికా విశ్వవిద్యాలయాల జాతీయ పోటీల్లో 125 పౌండ్ల విభాగంలో రెండు కాళ్లున్నవాళ్లందరినీ ఓడించి విజేత అయ్యాడు. ఒంటికాలు అతనికి అనుచితమైన లాభమని వాదించినవాళ్లు కూడా ఉన్నారు!

మన కపిల్ పర్మార్‌ది మధ్యప్రదేశ్‌లోని సీహోర్ ప్రాంతం. చిన్నప్పుడు పొలంలో నీళ్ల మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టింది. ఆ తర్వాత చూపు దెబ్బతింది. సోదరుడితో కలిసి టీ కొట్టు నడుపుతూ జూడో సాధన చేశాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 60 కిలోల జూడో విభాగంలో బ్రెజిల్ ఆటగాణ్ని 10-0తో ఓడించి కాంస్యం గెలిచాడు. పారాలింపిక్ జూడోలో మన దేశానికి అదే మొదటి పతకం.

చూపులేనివారు జూడో ఎలా ఆడతారని అడిగేవారికి చెప్పాలి. 1988 సియోల్ నుంచి పురుషులూ, 2004 ఏథెన్స్ నుంచి మహిళలూ పారాలింపిక్స్‌లో ఆడుతున్నారు. మిగతా జూడోలో మొదటి పోరంతా పట్టు దొరకబుచ్చుకోవడం కోసమే. ఇక్కడ అలా కాదు. రిఫరీ ఇద్దరినీ చాప మధ్యకు తీసుకొస్తాడు. ఒకరి అంగీ చేతినీ కాలరునూ మరొకరు పట్టుకున్నాకే ‘హజిమె’ (మొదలుపెట్టండి) అంటాడు. పట్టు విడిపోతే ఆపి, మళ్లీ మధ్యలో పట్టు కలిపిస్తాడు. మార్చిన ముఖ్యమైన నియమం అదొక్కటే. ఎదుటివాడి బరువు ఏ కాలి మీదికి మారింది, ఊపిరి ఎప్పుడు తీసుకున్నాడు, ఎటు లాగబోతున్నాడు, అన్నీ చేతుల్లోని గుడ్డ ద్వారానే తెలుస్తాయి. ధృతరాష్ట్రుడి కౌగిలిలో ఇనుప భీముడు నుగ్గయిన కథ మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ కౌగిలిలోని పగను వదిలేయండి, పట్టును గుర్తుపెట్టుకోండి.

ఇలా ఒంటికి తగినట్టు నియమాన్ని మార్చుకోవడం మిగతా విద్యల్లోనూ ఉంది. వీల్‌చైర్ ఫెన్సింగ్‌లో కుర్చీల్ని నేలకు బిగించేస్తారు, వెనక్కి తగ్గే దారే ఉండదు. చేతుల్లో లోపం ఉన్నవారు ఆడే పారా తైక్వాండోలో తల మీద తన్నకూడదు, తలను కాచుకోవడానికి చేతులు చాలవు కాబట్టి. అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో దొంగచాటుగా సాధన మొదలుపెట్టిన జకియా ఖుదాదాదీ ఈ ఆటలోనే 2024లో శరణార్థుల జట్టుకు పారాలింపిక్స్ చరిత్రలో తొలి పతకం తెచ్చింది.

పతకాలు అందరికీ అక్కర్లేదు. రోజువారీ బతుకులో ఏం కావాలో చూద్దాం.

చూపులేని అమ్మాయి బస్టాపులో నిలబడి ఉంది. ఎవరో వచ్చి మాటా పలుకూ లేకుండా మణికట్టు పట్టుకుని, ‘‘రామ్మా, రోడ్డు దాటిస్తా’’ అని లాగేస్తారు. ఆమె అసలు రోడ్డు దాటాలనుకోలేదు. వచ్చింది సాయం చేసేవాడో, సాయం పేరుతో చెయ్యి వేసేవాడో ఆమెకు తెలియదు. ఆత్మరక్షణ పాఠం ఇక్కడ మొదలవ్వాలి. పట్టుకున్న చేతిలో బలహీనమైన చోటు బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్యనున్న సందు. మణికట్టును ఆ సందువైపు తిప్పి, మోచేతిని ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, నడుము తిప్పుతూ ఒక్క విసురుతో లాగాలి. చేతి బలం ఒక్కటే చాలదు, ఒంటి బరువంతా అందులో ఉండాలి. దాంతోపాటే గొంతు లేవాలి: ‘‘చెయ్యి వదలండి. కావాలంటే నేనే అడుగుతాను.’’ సాయం నిజంగా కావాలంటే, ‘‘మీ మోచెయ్యి ఇవ్వండి, నేను పట్టుకుంటాను’’ అనాలి. ఆమె పట్టుకుంటే ఎప్పుడు వదలాలో ఆమె ఇష్టం. అతను పట్టుకుంటే అతని ఇష్టం. ఈ తేడా తెలిసినవారిని లొంగదీసుకోవడం అంత తేలిక కాదు.

దివ్యాంగులకు చిన్నప్పటి నుంచీ మనం ఎక్కువగా నేర్పేది థాంక్స్ చెప్పడమే. ‘వద్దు’ అనడం నేర్పం. అందుకే మొదటి రోజుల్లోనే గట్టిగా అరవడం సాధన చేయించాలి. మొదట గొంతు పెగలదు, సిగ్గేస్తుంది, నవ్వొస్తుంది. ఫరవాలేదు, మళ్లీ అరిపించండి.

తెల్లకర్రతో కొట్టమని సలహా ఇచ్చేవారున్నారు. నా మాట వింటే వద్దు. మడిచే తెల్లకర్ర అంటే సన్నటి గొట్టాలూ, లోపల ఒక ఎలాస్టిక్ తాడూ. కొడితే వంగుతుంది, లాక్కుంటే దారే పోతుంది. కర్రసాము మీద మనసుంటే వేరే కర్రతో శుభ్రంగా నేర్చుకోండి.

వీల్‌చైర్‌లో ఉన్నవారిని ఎవరైనా అడక్కుండా వెనక నుంచి తోస్తే మొదటి జవాబు బ్రేకు, రెండోది మాట. జరుగుతున్నది దాడే అయితే, కూర్చున్నవారి చేతికి ఎదుటివాడి మోకాళ్లూ గజ్జలూ పొట్టా సూటిగా అందుతాయి. ఫుట్‌రెస్టు మోకాలి కింది ఎముకకు బలంగా తగిలితే మొనగాడైనా వెనక్కి తగ్గుతాడు. వినపడనివారికి వెనక అడుగుల చప్పుడు తెలియదు కాబట్టి, గోడకు వీపు ఆనించి నిలబడటం, షాపుల అద్దాల్లో వెనక గమనించడం అలవాటు చేయాలి. మాట రానివారి జేబులో ఎప్పుడూ ఒక ఈల ఉండాలి. 112కు తేలిగ్గా కాల్ వెళ్లేలా ఫోన్‌ను ముందే సిద్ధం చేసి పెట్టుకోండి.

మేధో వైకల్యం ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్లకు ఒకే పట్టు, ఒకే మాట, నెలల తరబడి నేర్పాలి. స్నానం ఎవరు చేయించొచ్చు, బట్టలు ఎవరు మార్చొచ్చు, ఎవరు ఎక్కడ ముట్టుకుంటే వెంటనే ఇంట్లో చెప్పాలి, ఇవన్నీ ఆడించి చూపించాలి. పంచ్‌ల కన్నా ఇదే ముఖ్యం. వేధింపులు చీకటి సందులోని అపరిచితుడి కన్నా తెలిసినవాళ్ల నుంచే ఎక్కువ వస్తాయి, కొన్నిసార్లు అన్నం పెట్టి చూసుకునే మనిషి నుంచే. ఆ మనిషిని కొట్టి పారిపోవడం కుదరదు. అందుకే ఎవరికి చెప్పుకోవాలో కూడా శిక్షణలో భాగం కావాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ ప్రకారం హింస, వేధింపు, దోపిడీ దేని మీదైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయొచ్చు. మన మండలాల్లో తహశీల్దారుకు ఆ హోదా ఉంటుంది. నలుగురిలో కావాలని అవమానించినా, అగౌరవపరిచే ఉద్దేశంతో చెయ్యి చేసుకున్నా 92వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. లైంగిక నేరాల్లో బాధితురాలు దివ్యాంగురాలైతే స్టేషను చుట్టూ తిరగనక్కర్లేదు. పోలీసులే ఇంటికో, ఆమెకు వీలైన చోటికో వచ్చి, దుబాసీ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సమక్షంలో ఫిర్యాదు రాసుకుని వీడియో తీయాలి. ఆత్మరక్షణ కోసం తిరగబడటం నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ చెబుతోంది. అవసరానికి మించి గాయపరచకూడదు, అదే హద్దు.

చేర్చే ముందు డాక్టర్ని కలవండి, ఇది మొక్కుబడికి చెప్పడం లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడ పైభాగంలోని మొదటి రెండు ఎముకల మధ్య కీలు వదులుగా ఉంటుంది. వాళ్లతో పల్టీలు కొట్టిస్తే ప్రమాదం. వెన్నుపాము దెబ్బతిన్నవారి కాలి ఎముకలు పెళుసుబారతాయి, విరిగినా నొప్పి తెలియకపోవచ్చు. వీల్‌చైర్ చక్రాలు తిప్పితిప్పి అప్పటికే అరిగిన భుజాల మీద మరీ భారం వేయకూడదు. హిమోఫీలియా ఉన్నవారు దెబ్బలు తగిలే విద్యల జోలికి పోవద్దు. వాళ్లకు గొంతు, దూరం, చట్టం చాలు.

మాస్టారిని ఎంచుకునేటప్పుడు బెల్టు రంగు చూడకండి, మొదటి ప్రశ్న ఏం అడుగుతారో చూడండి. ‘‘వీడికి ఏం రాదు?’’ అంటే వేరే చోటు వెతుక్కోండి. ‘‘ఏ చెయ్యి బాగా వాడతావు? ఎంతసేపు నిలబడగలవు?’’ అని పిల్లాణ్నే అడిగితే అక్కడ చేర్చండి. ముట్టుకునే ముందు చెప్పి ముట్టుకుంటున్నారా అన్నది కూడా గమనించండి. దివ్యాంగ పిల్లలతో స్టేజీ మీద పెంకులు పగలగొట్టించి చప్పట్లు కొట్టించుకునే ప్రదర్శనలు నాకు నచ్చవు. ఆ చప్పట్లు మర్నాడు బస్సులో పనికిరావు.

కరాటే, జూడో మాస్టర్లకు ఒక విన్నపం. మీ హాలు గుమ్మానికి ఒక చెక్క వేస్తే వీల్‌చైర్ లోపలికి వస్తుంది. చేసి చూపించే ప్రతి కదలికనూ నోటితో కూడా వివరిస్తే చూపులేని పిల్లవాడు అందుకుంటాడు. తల్లిదండ్రులారా, వచ్చే వేసవిలో మీ ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు మీ అబ్బాయి పేరు, మీ అమ్మాయి పేరు రాయించండి. ‘‘ఇలాంటివాళ్లను చేర్చుకోం’’ అంటే ఎందుకో అడగండి. జవాబు సరిగా లేకపోతే ఊరుకోకండి, పక్క వీధిలో ఇంకో మాస్టారు ఉంటారు, ఆయన్ని అడగండి.