రోమ్ గోడల్లో పొరలు చదివే ఉద్యోగం

రోమ్‌లో మెట్రో సి లైన్ పనులు ఏళ్లకు ఏళ్లు సాగడానికి ఒక పెద్ద కారణం నేల కింద ఉన్న పాత రోమే. సొరంగాలు బాగా లోతున వెళ్తాయి కాబట్టి వాటితో చిక్కు తక్కువ. స్టేషన్ కట్టాలంటే మాత్రం పైనుంచి గొయ్యి తియ్యాలి. ఆ గొయ్యి రెండు వేల ఏళ్ల జనావాసం గుండా దిగుతుంది. 2016లో ఆంబా అరదామ్ స్టేషన్ స్థలంలో సుమారు తొమ్మిది మీటర్ల లోతున హేడ్రియన్ చక్రవర్తి కాలం నాటి సైనికుల నివాసం బయటపడింది. వంద మీటర్ల నడవా, దాని వెంట 39 గదులు, కొన్నిటిలో మొజాయిక్ నేలలు. దాంతో స్టేషన్ డిజైన్‌నే మార్చారు. 2018లో తెరుచుకున్న శాన్ జొవాన్ని స్టేషన్‌లో ప్రయాణికులు కిందికి దిగుతుంటే ఏ లోతులో ఏ కాలం ఉండేదో గోడల మీదే కనిపిస్తుంది. అక్కడి తవ్వకంలో దొరికిన వస్తువులను కూడా అక్కడే అద్దాల వెనక ఉంచారు.

అలాంటి గొయ్యి అంచున ఇంజినీర్ పక్కనే హెల్మెట్ పెట్టుకుని ఆర్కియాలజిస్టు ఉంటారు. యంత్రం ఎక్కడ ఆగాలో, ఎక్కడి నుంచి తాపీ పట్టుకుని గీకాలో చెప్పేది వాళ్లే. ఇది నెల జీతం వచ్చే వృత్తి, సైన్సూ చరిత్రా కలిసిన చదువు. తెలుగు విద్యార్థుల్లో ఈ దారి గురించి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లలోనూ చాలామంది దీన్ని శిథిలాల మీద మోజుగానే చూస్తారు.

నిజానికి ఈ చదువులో శిథిలం అందం కన్నా అది మారిన తీరు ముఖ్యం. కొలోసియాన్నే తీసుకుంటే, క్రీ.శ. 64 నాటి అగ్నిప్రమాదం తర్వాత నీరో తన స్వర్ణ సౌధం కోసం ఆ పల్లంలో చెరువు తవ్వించాడు. కొంతకాలానికి చక్రవర్తి అయిన వెస్పేసియన్ అదే చోట ప్రజల కోసం ఆంఫిథియేటర్ మొదలుపెట్టాడు. అతని కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. రాజు సొంతం చేసుకున్న నేలను జనానికి తిరిగిచ్చామని చాటే రాజకీయం ఆ రాతిలో ఉంది. ఆటలు ఆగిపోయాక అందులో ఇళ్లు, పనివాళ్ల దుకాణాలు వెలిశాయి. మధ్యయుగంలో ఫ్రాంజిపానె వంశం దాన్ని కోటగా మార్చుకుంది. 1349 భూకంపంలో కూలిన రాళ్లు నగరంలో కొత్త కట్టడాలకు తరలిపోయాయి. పర్యాటకుడికి కనిపించేది ఒక్క కొలోసియం. ఆర్కియాలజిస్టుకు ఒకే చోట అరడజను కట్టడాలు కనిపించాలి.

ఈ చూపు ఎలా అలవడిందో తెలియాలంటే రోమ్ నడిబొడ్డున ఉన్న క్రిప్తా బాల్బి గురించి తెలుసుకోవాలి. క్రీ.పూ. 13లో బాల్బుస్ కట్టించిన నాటకశాల, దాని వెనక స్తంభాల మండపం ఉన్న స్థలమది. ఇక్కడ పని మొదలయ్యేదాకా రోమ్‌లో తవ్వకం అంటే ప్రాచీన పాలరాయి దొరికేదాకా పైనున్న మధ్యయుగపు మట్టినంతా తీసి పారెయ్యడమే. 1932లో ముస్సోలినీ ప్రారంభించిన వీయా దెయి ఫోరి ఇంపీరియాలి రోడ్డు కోసం ఏకంగా ఒక పేట మొత్తాన్ని కూల్చేశారు. అక్కడి పొరల్లో ఎన్నో సరైన నమోదు లేకుండానే పోయాయి. పోయిన పొర మళ్లీ రాదు కనుక అది తీరని నష్టం.

1981లో ఆర్కియాలజిస్టు దానియెలె మనకోర్దా బృందం క్రిప్తా బాల్బి దగ్గర దీనికి పూర్తి విరుద్ధంగా పని మొదలుపెట్టింది. నిన్నటి గోడకూ చక్రవర్తి కాలం గోడకూ ఒకే గౌరవం ఇచ్చి, పైనుంచి ఒక్కో పొరనూ నమోదు చేస్తూ దిగారు. పాలరాళ్లను కాల్చి సున్నం చేసిన బట్టీ దొరికింది. ఏడో శతాబ్దపు చెత్తకుప్ప ఒకటి దొరికింది. ఆ చెత్తలోనే అసలు నిధి ఉంది. ఉత్తర ఆఫ్రికా నుంచి, తూర్పు మధ్యధరా తీరం నుంచి వచ్చిన జాడీల ముక్కలు, ఎముక, గాజు, లోహపు పనుల్లో మిగిలిన తుక్కు అందులో గుట్టలుగా ఉన్నాయి. సామ్రాజ్యం కూలాక రోమ్‌లో వ్యాపారం, చేతిపనులు పూర్తిగా ఆగిపోయాయన్న పాత నమ్మకం ఆ కుప్పతో చెదిరిపోయింది. 2000లో అక్కడ మ్యూజియం తెరిచారు. ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థి కొలోసియం కన్నా ముందు క్రిప్తా బాల్బి కథ చదవడం మేలు.

పొరల మధ్య సంబంధాన్ని పటంగా గీసే పద్ధతిని 1973లో ఎడ్వర్డ్ హారిస్ రూపొందించాడు. ఏ పొర దేనికన్నా ముందుదో, ఏ గుంట దేన్ని కోసుకుంటూ వెళ్లిందో చూపించే ఈ హారిస్ మ్యాట్రిక్స్‌ను ఇప్పుడు దాదాపు ప్రతి తవ్వకంలోనూ వాడతారు. కాగితం మీద నేర్చుకోవడానికి ఒక వారం చాలు. ట్రెంచ్‌లో నిలబడి చెయ్యడానికి రెండు మూడు సీజన్ల అనుభవం కావాలి.

చరిత్ర చదివినవాళ్లకే ఈ దారి అనుకుంటే పొరపాటు. పాంథియన్ ముఖద్వారం మీది శాసనం దాన్ని కట్టింది అగ్రిప్పా అంటుంది. గోడల్లోని ఇటుకల మీద ఉన్న ముద్రలు మాత్రం ఇప్పుడున్న కట్టడం ట్రేజన్, హేడ్రియన్ల కాలానిదని చెబుతాయి. 43 మీటర్లకు పైగా వెడల్పున్న దాని గుమ్మటం ఇనుము లేకుండా కాంక్రీటుతో కట్టినవాటిలో ఈనాటికీ ప్రపంచంలో అతిపెద్దది. ఆ కాంక్రీటు ఇన్నాళ్లు ఎలా నిలిచిందన్నది సివిల్ ఇంజినీర్లకూ రసాయన శాస్త్రవేత్తలకూ సంబంధించిన ప్రశ్న. ప్రివెర్నుమ్ నగర ప్రాకారం నుంచి తీసిన నమూనాను పరీక్షించిన ఎంఐటీ నేతృత్వంలోని బృందం 2023లో ఒక జవాబిచ్చింది. కాంక్రీటులో కనిపించే తెల్లటి సున్నపు గడ్డలు సరిగ్గా కలపకపోవడం వల్ల మిగిలినవి కావని, పొడి సున్నాన్ని వేడిగా కలపడం వల్ల ఏర్పడ్డాయని, పగులు వచ్చి నీరు చేరినప్పుడు ఆ సున్నమే కరిగి పగులును పూడుస్తుందని వాళ్లు తేల్చారు.

ఫిజిక్స్, జియాలజీ చదివినవాళ్లకూ ఇక్కడ చోటుంది. రోమ్‌కు ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫలేరీ నోవీ అనే పాత రోమన్ పట్టణానికి కేంబ్రిడ్జ్, ఘెంట్ యూనివర్సిటీల పరిశోధకులు ఒక్క గొయ్యి కూడా తవ్వకుండా పటం గీశారు. ప్రాకారం లోపలి 30 హెక్టార్ల నేలమీద రాడార్ పరికరాన్ని చిన్న వాహనంతో లాగిస్తూ గుడి, అంగడి, స్నానశాలలు, నీటి గొట్టాల వరుస అన్నీ చూడగలిగారు. 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇలాంటి డేటాను విడదీసి అర్థం చేసుకోవడం కంప్యూటర్ తెలిసినవాళ్ల పని.

రోమ్ మనకు మరీ దూరం కాదు. కొండాపూర్, పెద్దబంకూర్, నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో మోర్టిమర్ వీలర్ ఇటలీలో తయారైన ఎర్రటి అరెటైన్ పాత్రల పెంకుల సాయంతో దక్షిణ భారతంలోని పొరలకు కాలం నిర్ణయించాడు. తర్వాత రొబెర్టా టాంబర్ భారత్‌లో రోమన్ జాడీలుగా లెక్కేసిన పెంకులను మళ్లీ పరిశీలించి, వాటిలో చాలా భాగం మెసొపొటేమియా వైపు నుంచి వచ్చినవని గుర్తించారు. రోమన్ కుండపెంకు తెలిసిన మనిషి మన తవ్వకాలకు కూడా అవసరమేనని దీన్నిబట్టి అర్థమవుతుంది.

నాగార్జునకొండ ఇంకో పాఠం కూడా చెబుతుంది. సాగర్ జలాశయంలో మునిగిపోయే ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వారు. రోమ్ మెట్రో గొయ్యిలోనూ జరుగుతున్నది ఇదే తరహా పని, నిర్మాణం వచ్చేలోపు నమోదు చెయ్యాలి. ఆ లోయలో బయటపడి, అనుపు దగ్గర తిరిగి నిలబెట్టిన మెట్ల క్రీడాప్రాంగణంలో రోమన్ ప్రభావం ఎంతన్నది ఇంకా చర్చనీయాంశమే. పరిశోధనకు అంశం వెతుక్కునేవాళ్లు ఆలోచించదగ్గది.

ఇక చదువు సంగతి. ఇంటర్లో ఏ గ్రూప్ అయినా ఫరవాలేదు. డిగ్రీలో చరిత్ర, జియాలజీ, కెమిస్ట్రీ, బీఆర్క్, సివిల్, వీటిలో ఏది చదివినా తర్వాత ఇటు తిరగవచ్చు. ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల్లో ప్రాచీన చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్ర విభాగాలున్నాయి. ప్రయోగశాలల పని గట్టిగా నేర్చుకోవాలంటే పుణెలోని డెక్కన్ కాలేజీ, బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీ మంచివి. గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు సర్వే నడిపే పండిట్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ ఇన్‌స్టిట్యూట్ రెండేళ్ల పీజీ డిప్లొమా ఇస్తుంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఢిల్లీ ఎస్‌పీఏ, అహ్మదాబాద్ సెప్ట్‌లలో కట్టడాల పరిరక్షణలో పీజీ ఉంది.

రోమ్ మీదే పనిచెయ్యాలంటే ఎంఏ స్థాయిలో బయటికి వెళ్లక తప్పదు. ఇటలీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రాంతీయ ప్రభుత్వాల స్కాలర్‌షిప్‌లు విదేశీ విద్యార్థులకూ అందుతాయి. మధ్యతరగతి ఇంటికి ఇది పెద్ద ఊరట. పురావస్తు పదార్థాల సైన్స్ కోసం ఎవోరా, సాపియెంజా, థెస్సలొనికీ యూనివర్సిటీలు కలిసి నడిపిన ఆర్క్‌మాట్ లాంటి ఎరాస్మస్ ముండుస్ కోర్సులను గమనిస్తూ ఉండాలి. బ్రిటన్‌లో ఎంఏ ఒక ఏడాదిలో పూర్తవుతుంది కానీ ఖర్చు చాలా ఎక్కువ. చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ సాయం కొంత భారం తగ్గిస్తుంది. వేసవి ఫీల్డ్ స్కూళ్లలో చాలావాటికి అభ్యర్థే ఫీజు కట్టాలి. అప్పు చేసి వెళ్లే ముందు స్వదేశంలో ఒక తవ్వకంలో పనిచేసి, ఎండకూ దుమ్ముకూ తట్టుకోగలమో లేదో చూసుకోవడం తెలివైన పని.

భాష విషయంలో రాజీ పనికిరాదు. తవ్వకాల నివేదికలు ఎక్కువగా ఇటాలియన్‌లోనే వస్తాయి, శాసనాలు లాటిన్‌లో ఉంటాయి. హైదరాబాద్ ఇఫ్లూలో ఇటాలియన్ నేర్పుతారు. పటాలు గీసే క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్, నేర్చుకోవడానికి ల్యాప్‌టాప్ ఉంటే చాలు. యేల్ యూనివర్సిటీలో డయానా క్లైనర్ రోమన్ వాస్తుశిల్పం మీద చెప్పిన పాఠాలు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. రెండు సెమిస్టర్ల మధ్య సెలవుల్లో ఇవన్నీ మొదలుపెట్టవచ్చు.

ఉద్యోగాల మాట దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ఇటలీలో ప్రభుత్వ కొలువులకు పోటీ పరీక్షలుంటాయి, పౌరసత్వ నిబంధనలు భారతీయులకు అడ్డు. మనవాళ్లకు అక్కడ అందేవి ప్రధానంగా పీహెచ్‌డీ, పరిశోధన ప్రాజెక్టులు, ప్రయోగశాలలు. ఇంగ్లండ్‌లో 1990 నుంచి కట్టడం కట్టేవాళ్లే తవ్వకం ఖర్చు భరించే పద్ధతి బలపడింది కనుక ప్రైవేటు సంస్థల్లో పని ఉంది. లండన్‌లో బ్లూంబర్గ్ భవనం స్థలంలో మోలా సంస్థ చేసిన తవ్వకంలో నాలుగు వందలకు పైగా రోమన్ రాత పలకలు దొరికాయి. వాటిలో ఒకదాని మీది తేదీ క్రీ.శ. 57 జనవరి 8. అయితే తొలి ఏళ్లలో జీతం తక్కువ, కాంట్రాక్టులు చిన్నవి, వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి.

భారత్‌లో పురావస్తు సర్వే పోస్టులకు యూపీఎస్సీ, అధ్యాపక ఉద్యోగాలకు ఆర్కియాలజీ సబ్జెక్టుగా యూజీసీ నెట్ ఉన్నాయి. ఇన్‌టాక్ వంటి సంస్థలు, మ్యూజియాలు, వారసత్వ కన్సల్టెన్సీలు కూడా మనుషులను తీసుకుంటాయి. ఆగా ఖాన్ ట్రస్ట్ చేపట్టిన కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో అవసరపడింది ఈ నైపుణ్యమే. ఏది అసలు సున్నపు పూత, ఏది తర్వాతి సిమెంటు మరమ్మతు అని గుర్తుపట్టాలి. రోమ్‌లో నేర్చుకున్న చూపు గోల్కొండలోనూ పనికొస్తుంది.

ఈ దారి త్వరగా డబ్బు కావాల్సినవాళ్లకు సరిపడదు. అయిదారేళ్లు ఓపిక పట్టగలిగి, గోడ కనిపిస్తే దాని అతుకు ఎక్కడుందా అని వెతికే పిల్లలకు ఇంతకన్నా మంచి చదువు లేదు. అలాంటివారు ఈ సెలవుల్లో నాగార్జునకొండ మ్యూజియం, అనుపు చూసి రండి. దగ్గరి యూనివర్సిటీ పురావస్తు విభాగానికి వెళ్లి, వచ్చే తవ్వకం సీజన్‌లో వాలంటీరుగా తీసుకుంటారేమో అడగండి.