కొల్లేటి గట్లు, ఎగువ రైతు చేలు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లపు నేలయే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏళ్లును, ఆయకట్టు కాలువల మురుగు నీరును ఇందు వచ్చి చేరును. వెలుపలికి దారి యొక్కటియే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రమున కలియును.

వచ్చుదారులు పెక్కు, పోవుదారి యొకటి యైనచోట నీరు కొన్నాళ్లు నిలువక తప్పదు. అది సరస్సున నిలువనిచో మన చేలలో నిలుచును. నాటిన వరి వారము దినములు మునిగిన నేమి మిగులునో రైతులకు మేము చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు తుదకు చేరవలసినదియు ఈ కొల్లేటికే.

సముద్రమట్టమునకు 5 అడుగుల కాంటూరువరకు కొల్లేటి విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగులవరకు 901. అనగా మట్టము 5 అడుగులు పెరుగునప్పటికి నీరు పరచుకొను చోటు దాదాపు మూడింత లగుచున్నది. చేపల చెరువుల గట్లు ఈ చోటును ముక్కలు చేసి, వరదను లోనికి రానీయక ఎగువకు త్రోయును. గట్టు వేయువారు మొదట నరకునది కిక్కసను, తుంగను. మురుగులోని ఒండ్రును, ఎరువుల సారమును పట్టి నిలుపునవి వాని వేళ్లే. వేసవిలో సరస్సు మట్టము తగ్గినచో ఉప్పుటేటి వెంట సముద్రపు పోటు ఎగబ్రాకును. ఉప్పుపట్టిన నేల ఒక్క వానకు బాగుపడదు.

ఈ చెరువుల కథలో సహకారమునకును పాలు కలదు. 1970వ దశాబ్దిలో బీదలగు లంక గ్రామస్థుల జీవనమునకై ప్రభుత్వమే సంఘముల ద్వారా చెరువులు త్రవ్వించెను. ఉద్దేశము మంచిదే. కాని పిమ్మట చాలచోట్ల సంఘము పేరునకే మిగిలి, చెరువులు కౌలు పేర ధనవంతుల చేతులలోనికి పోయినవి. 1999లో 5 అడుగుల కాంటూరులోపలి భాగము అభయారణ్యముగ ప్రకటింపబడెను. 2002లో కొల్లేరు రాంసార్ చిత్తడినేలల జాబితాలో చేరెను. 2006లో గట్లు తెగగొట్టిరి. కొన్ని మరల లేచినవి. ఆటపాకలో గూడబాతులను చూడ వచ్చువారికి ఈ గట్ల సంగతి అంతగా తెలియదు.

చేపల చెరువునకు అప్పు కోరుచు దరఖాస్తు వచ్చినప్పుడు మన పంచాయతుదారులు సర్వే నంబరుతో పాటు కాంటూరును అడుగవలెను. అభయారణ్యపు హద్దులో చెరువు కూడదు గనుక ఆ అప్పు సంఘమునకు క్షేమము కాదు. హద్దు వెలుపలి దైనచో గట్టు మురుగు కాలువ కడ్డుపడునేమో పొలమునకు పోయి చూడవలెను. దరఖాస్తు ఫారములో ఇందుకొక గడి చేర్చుట పెద్ద పని కాదు.