ఆనకట్ట దిగువ నది

జూలై మాసంలో అమెరికాలోని యూటా రాష్ట్రం ఎండకు కాగిపోతుంది. అయినా అక్కడి ఎర్రని కొండచరియల నడుమ ప్రవహించే గ్రీన్ నదిలో అడుగుపెడితే నీరు జిల్లుమంటుంది. ఈ వింతకు కారణం ఎగువనున్న ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట. 502 అడుగుల ఎత్తున్న ఈ కట్టడం 1964లో పూర్తయింది. జలాశయంలో పైపొర మాత్రమే ఎండకు వేడెక్కుతుంది. లోతుల్లోని నీరు వేసవిలోనూ చల్లగానే ఉంటుంది. విద్యుత్ యంత్రాలను తిప్పి దిగువకు వచ్చేది ఆ చల్లని నీరే.

ఈ నీటిలో ట్రౌట్ అనే చేప వృద్ధి చెందుతుంది. చల్లని నీటిలో ప్రాణవాయువు అధికంగా కరిగి ఉండటం దానికి జీవాధారం. దీనిని పట్టే విధానం కూడా విలక్షణమైనది. సాధారణ గాలంలో ఎర బరువు దారాన్ని లాగుకొనిపోతుంది. ‘ఫ్లై ఫిషింగ్’ అనే ఈ పద్ధతిలో దారపు బరువే ఎరను మోసుకొనిపోతుంది. ఎర అంటే ఈకలతో, దారాలతో కొక్కేనికి కట్టిన కృత్రిమ కీటకం. వేసవి ఆరంభంలో సికాడా రూపాన్ని, తరువాత మిడత రూపాన్ని ఎంచుకుంటారు. ఆ ఎర ప్రవాహ వేగంతోనే తేలిపోవాలి. దారం ఏమాత్రం లాగినా చేప అనుమానించి తొలగిపోతుంది. కనుక ఇక్కడ బలం కన్నా ఓర్పు, నీటి నడకను చదవగల చూపు ముఖ్యం. విద్యుత్ అవసరం పెరిగితే నీటి విడుదల పెరిగి, నదీమట్టం త్వరగా పెరుగుతుంది. అందువల్ల జాలరి ఆకాశాన్నే కాక, ఆనకట్ట విడుదల వేళలను కూడా గమనించాలి.

ఈ సంపద వెనుక ఒక విషాదగాథ ఉంది. ఆనకట్టను మూయడానికి ముందు, 1962 సెప్టెంబరులో, ట్రౌట్‌కు చోటు కల్పించేందుకు అధికారులు నదిలో రోటెనోన్ అనే విషాన్ని కలిపి స్థానిక చేపలను చంపించారు. ఆ విషం అనుకున్న హద్దు దాటి డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతంలోకి ప్రవహించింది. అనంతరం ఆనకట్ట విడిచిన నీరు వేసవిలో సైతం సుమారు 6 డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉండేది. ఆ చలికి ట్రౌట్ సైతం సరిగా ఎదగలేదు. 1978లో వివిధ లోతుల నుండి నీటిని తీసుకొనే ద్వారాలు అమర్చిన తరువాతనే నది ట్రౌట్‌కు అనువైంది.

స్థానిక జాతుల గతి వేరు. వాటికి వసంతకాలపు వరద, వేసవిలో వెచ్చని నిశ్చల జలాలు కావాలి. ఆనకట్ట ఆ రెండింటినీ హరించింది. ఒకప్పుడు ఆరడుగుల వరకు పెరిగినదని చెప్పే కొలరాడో పైక్‌మిన్నో 1967లోనే అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేరింది. ఈ చేపల కోసం 2006లో ప్రభుత్వం నీటి విడుదల విధానాన్ని మార్చింది. వసంతంలో వరదను తలపించే ప్రవాహాన్ని, వేసవిలో కొంత వెచ్చని నీటిని విడవాలని నిర్ణయించింది.

గ్రీన్ నదిలో నేడు గాలానికి చిక్కే రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు నదులది. బ్రౌన్ ట్రౌట్ ఐరోపాది. రెండూ ఆ నదికి అతిథులే. అతిథిని ఆదరించడం తప్పు కాదు. అతిథికి చోటివ్వడానికై ఇంటివారిని వెళ్లగొట్టడమే తప్పు. నదిని మలచగల శక్తి పొందిన మానవుడు ఆ శక్తితో పాటే బాధ్యతను కూడా స్వీకరించాలి.