శ్వాసమార్గాన్ని ఊడ్చేదెవరు?

మనం రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలి పీలుస్తాం. ఆ గాలితోపాటు దుమ్ము, పొగ, పుప్పొడి, సూక్ష్మజీవులు కూడా లోపలికి పోతాయి. ఇంత చెత్త పోతున్నా ఊపిరితిత్తులు ఎందుకు పూడిపోవడం లేదు? శ్వాసక్రియ పాఠం చదివిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది.

మొదటి కాపలా ముక్కుది. 10 మైక్రోమీటర్ల కంటే పెద్ద రేణువులు చాలావరకు ముక్కులోని వెంట్రుకలకు, జిగురుకు అంటుకుని ఆగిపోతాయి. (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు.) తప్పించుకున్నవి వాయునాళం గోడల మీది శ్లేష్మానికి చిక్కుకుంటాయి. అసలు విశేషం ఇక్కడే ఉంది. ఆ గోడల్లో శైలికలున్న ఒక్కో కణానికి దాదాపు 200 శైలికలు ఉంటాయి. అవి సెకనుకు 10 నుంచి 15 సార్లు, వరిచేను గాలికి ఊగినట్లు, ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. గొంతువైపు కొట్టేటప్పుడు నిటారుగా నిలబడి శ్లేష్మాన్ని తోస్తాయి. వెనక్కు వచ్చేటప్పుడు వంగి, శ్లేష్మం కిందనున్న పలుచని ద్రవంలోంచి వస్తాయి. అందుకే శ్లేష్మం వెనక్కు జారదు. నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పైకెక్కి గొంతు చేరుతుంది. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం. అసహ్యించుకోనక్కర్లేదు, మిగతా పని జీర్ణాశయంలోని ఆమ్లం చూసుకుంటుంది. శ్లేష్మం ఎక్కువైతే దగ్గు వస్తుంది. బీడీ, సిగరెట్ పొగ ఈ శైలికలనే దెబ్బతీస్తుంది.

అయితే 5 మైక్రోమీటర్ల కంటే సన్నని రేణువులు వాయుగోణుల దాకా పోగలవు. అక్కడ శైలికలు లేవు. స్థూలభక్షక కణాలు వాటిని మింగి శుభ్రం చేస్తాయి. కానీ రాతిపొడిలోని సిలికాను మింగిన కణం తానే చచ్చిపోతుంది. సిలికా మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడి మచ్చకడుతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. దీన్ని నయంచేసే మందు లేదు. పైగా క్షయ తొందరగా అంటుకుంటుంది.

మా నాయన కంకర క్రషర్‌లో పని చేస్తాడు. అక్కడ పని దిగేటప్పుడు తలా ఒక బెల్లంముక్క పెడతారు. మా ఇంట్లో కాలేజీ చదువు చదివింది నేనే కాబట్టి నన్నే అడిగాడు: "బెల్లం తింటే దుమ్ము కడుక్కపోతదంటరు గదరా, నిజమేనా?" బెల్లం పోయేది అన్నవాహికలోకి. మనం మింగేటప్పుడు ఉపజిహ్విక వాయునాళాన్ని మూసేస్తుంది. వాయుగోణుల్లో చేరిన దుమ్మును బెల్లం తాకను కూడా తాకదు. తువ్వాలు కట్టుకున్నా పెద్ద దుమ్మే ఆగుతుంది, ప్రమాదమేమో కంటికి కనబడని దుమ్ముతో. రాయి మీద నీళ్లు చల్లుతూ పగలగొడితే దుమ్ము లేవడం బాగా తగ్గుతుంది. ఎన్-95 వంటి మాస్కు ముఖానికి సరిగ్గా అతికితే కొంత ఆపుతుంది. కాకపోతే నీళ్ల పైపు కన్నా బెల్లం చవక.

మీ ఇంట్లో ఎవరైనా క్వారీలో, క్రషర్‌లో పనిచేసి దగ్గుతుంటే, డాక్టరుకు దగ్గు సంగతి ఒక్కటే కాక, ఏ పని ఎన్నేళ్లు చేశారో కూడా చెప్పించండి. ఎక్స్‌రేలో సిలికోసిస్, క్షయ ఒకేలా కనిపించే అవకాశం ఉంది.