ఆర్గానిక్‌లో సి

డిసెంబరు మూడో వారం. అమెరికాలో కాలేజీలకు సెలవులిచ్చి పిల్లలు ఇళ్లు చేరే రోజులు. మా మేనకోడలు రెండు రోజులుందామని మా ఇంటికొచ్చింది. వంటింట్లో మా ఆవిడ పక్కన కూర్చుని గోంగూర తుంచుతోంది. ఆకులు గిన్నెలోకి, కాడలు కాగితం మీదకి. కాసేపయ్యాక చూస్తే ఆకులూ కాడలూ కలిపి గిన్నెలోకే వేస్తోంది. మా ఆవిడ ఏమీ అనలేదు. పొయ్యి మీద ఏదో ఉందన్నట్టు లేచి అటు వెళ్లింది. అప్పుడు నోరు విప్పింది ఆ పిల్ల.

"మావయ్యా, ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి వచ్చింది. అమ్మకింకా చెప్పలేదు. ఇక మెడిసిన్ లేనట్టేగా?"

రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి డాక్టరవుతానని చెప్పుకున్న పిల్ల. స్కూల్లో ఎప్పుడూ ఏ తప్ప మరో గ్రేడు చూడలేదు. కళ్లలో నీళ్లు లేవు గానీ గొంతు మాత్రం బాగా పూడుకుపోయింది. ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఆమె పది రోజులు ఆగింది. ఆ పది రోజులూ ఎలా గడిపిందో తలచుకుంటే నాకు గ్రేడు కన్నా అదే ఎక్కువ బాధనిపించింది.

ఈ ప్రశ్న ఆమె ఒక్కర్తిదే కాదు. ఇక్కడి మన తెలుగు ఇళ్లలో ఏటా డిసెంబర్లోనూ మే నెలలోనూ ఎంతోమంది పిల్లలు దీన్ని లోలోపల వేసుకుంటూ ఉంటారు. కొందరు పైకి అడుగుతారు, కొందరు అడగకుండానే మెడిసిన్ వదిలేస్తారు. అందుకే సూటిగా జవాబు చెప్పుకోవాలి.

మన తరం తల్లిదండ్రుల మనసులో మెడిసిన్ అంటే ఒక్క పరీక్ష. ఎంసెట్ రాశాం, ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, లేదా రాలేదు. ఇప్పుడు ఇండియాలో నీట్ వచ్చింది. 720 మార్కులు, 180 ప్రశ్నలు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ కేటగిరీకి 50 శాతం ఉంటే చాలు, ఆ తర్వాత ఇంటర్ మార్కుల్ని ఎవరూ పట్టించుకోరు. అంతా ర్యాంకే. ఒక్క మధ్యాహ్నం తారుమారైతే ఏడాది పోయినట్టే. ఆ భయంలో పెరిగిన మనం, అమెరికాలో పిల్లకు ఒక సి వచ్చిందనగానే ర్యాంకు పోయిందన్నంత కంగారు పడతాం. పిల్లలు మన ముఖాలు చూసి అంతకు రెట్టింపు కంగారు పడతారు.

ఇక్కడి లెక్క వేరు. నాలుగేళ్ల డిగ్రీ అయ్యాక గానీ మెడికల్ స్కూలు లేదు. ఎక్కువ స్కూళ్లకు దరఖాస్తు ఆమ్‌కాస్ అనే ఒకే చోటు నుంచి వెళ్తుంది. అక్కడ కట్టే జీపీఏలలో, అంటే గ్రేడుల సగటులలో, ముఖ్యమైనవి రెండు. ఒకటి మొత్తం చదువుకి, రెండోది బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ ఈ నాలుగింటికి. రెండోదాన్ని పిల్లలు సైన్స్ జీపీఏ అంటారు. దాని పక్కన మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ స్కోరు ఉంటుంది, 472 నుంచి 528 దాకా. 2023లో 52 వేల పైచిలుకు మంది దరఖాస్తు పెడితే చేరినవాళ్లు దాదాపు 23 వేల మంది. చేరినవాళ్ల మొత్తం జీపీఏ సగటు 3.77, ఎంక్యాట్ సగటు 511.7. పోటీ తక్కువని ఎవరైనా అంటే నమ్మకండి. గ్రేడు ముఖ్యం కాదు అని బుజ్జగించేవాళ్లనీ నమ్మకండి. అయితే సగటు అంటే గీత కాదు. దానికి అటూ ఇటూ ఉన్నవాళ్లందరినీ కలిపితే వచ్చిన అంకె అది.

ఆ సాయంత్రం గోంగూర గిన్నె పక్కకి జరిపి, ఒక కాగితం తీసుకుని ఇద్దరం లెక్క వేశాం. అంతకు ముందు 24 క్రెడిట్ల సైన్సు చదివింది, సగటు 3.7. ఆర్గానిక్ నాలుగు క్రెడిట్లు. సి అంటే 2.0. కలిపితే 28 క్రెడిట్లకు సైన్స్ జీపీఏ 3.46కి పడింది. ఆమెను పది రోజులు నిద్రపోనివ్వని అంకె ఇదే. డిగ్రీ అయ్యేసరికి ఆమె సైన్సు క్రెడిట్లు ఇంచుమించు 60 అవుతాయి. అంటే ఇంకా 32 మిగిలున్నాయి. వాటిలో సగటున 3.9 తెచ్చుకుంటే చివరికి 3.69 దగ్గర నిలుస్తుంది. ఏమీ మారకుండా పాత 3.7 తోనే నడిస్తే 3.59. రెండింటికీ తేడా ఆ ఒక్క సి కాదు, తర్వాత వచ్చే 32 క్రెడిట్లు.

"మళ్లీ అదే కోర్సు తీసుకుని ఏ తెచ్చుకుంటే ఈ సి పోదా?" అని అడిగింది. పోదు. ఆమ్‌కాస్‌లో రెండు గ్రేడులూ లెక్కలోకి వస్తాయి. డీఓ డిగ్రీనిచ్చే ఆస్టియోపతి స్కూళ్ల దరఖాస్తులో కొత్త గ్రేడు వస్తే పాతది తీసేసే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది, 2017లో ఎత్తేశారు. కాబట్టి మళ్లీ చదివి ఏ తెచ్చుకుంటే 3.46 కాస్తా 3.53 దగ్గరికి వస్తుంది. అదే నాలుగు క్రెడిట్ల బయోకెమిస్ట్రీలో ఏ తెచ్చుకున్నా అంతే పెరుగుతుంది, దశాంశం తేడా లేకుండా. పులుసులో ఉప్పెక్కువైతే తీయలేం. చింతపండు రసం, నీళ్లు పోసి మరిగించి పులుసునే పెంచుతాం. ఉప్పు ఉన్నంతే ఉంటుంది గానీ నోటికి తెలియదు. సి మైనస్ గానీ అంతకు తక్కువ గానీ వస్తే సంగతి వేరు. చాలా స్కూళ్లు దాన్ని తప్పనిసరి కోర్సు పూర్తయినట్టు లెక్కించవు, అప్పుడు మళ్లీ చదవక తప్పదు. సి ఉన్నప్పుడు మాత్రం అదే గదిలో మళ్లీ కూర్చోవడం కన్నా పై కోర్సులో నిలబడి చూపించడమే మంచిదని నా అభిప్రాయం. అయితే ఆ సి వెనకున్న లోపం తెలుసుకున్నాకే ఆ అడుగు వెయ్యాలి. లేకపోతే పై కోర్సులో ఇంకో సి వస్తుంది.

ఒక సి వస్తే ప్రమాదం లేదు. మూడు సి లు వస్తే అది హెచ్చరికే. వరసగా రెండు సెమిస్టర్లు సైన్సులో జారితే, చదివే పద్ధతిలోనో, ఆరోగ్యంలోనో, మనసులోనో ఎక్కడో పొరపాటుంది. దాన్ని దాచిపెట్టి మరుసటి సెమిస్టర్లో ఇంకో రెండు సైన్సు కోర్సులు నెత్తికెత్తుకునే పిల్లల్ని చూశాను. పరువు కోసం. అది ధైర్యం కాదు, భయమే.

ఆ రాత్రి భోజనాలయ్యాక, జవాబు పత్రాలున్నాయా అని అడిగాను. నేను చదివిందీ కెమిస్ట్రీయే. ఫైనల్ పరీక్ష పత్రం వాళ్లు ఇవ్వలేదట. మధ్యలో పెట్టిన రెండు పరీక్షల పేపర్లు మాత్రం ఫోన్లో ఫొటోలుగా ఉన్నాయి. చూపించడానికి చాలాసేపు ఇష్టపడలేదు. ఎర్ర సిరా గీతలున్న చోట్ల వేలు అడ్డం పెట్టి పేజీ జరుపుతోంది. వేలు తీయమన్నాను.

ఆర్గానిక్‌లో చర్య ఎలా జరుగుతుందో చూపించడానికి వంపు బాణాలు గీస్తారు. బాణం ఎలక్ట్రాన్లున్న చోట మొదలవ్వాలి, ఎలక్ట్రాన్లు కావలసిన చోటికి వెళ్లాలి. ఈమె బాణాలు చాలాచోట్ల హైడ్రోజన్ అయాన్ దగ్గర మొదలయ్యాయి. అక్కడ ఇవ్వడానికి ఎలక్ట్రాన్లే లేవు. రెండు పేపర్లలో మార్కులు పోయిన ప్రశ్నలు తొమ్మిది ఉంటే, ఆరింటిలో ఇదే తప్పు. నోట్సు తెరిచి చూస్తే మూడు రంగుల పెన్నులతో ముచ్చటగా రాసుకుంది, ఒక్కో చర్యకు ఒక్కో కార్డు చొప్పున రెండొందల కార్డులు. అన్నీ బట్టీ. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు అనే ప్రశ్న ఒక్క కార్డు మీదా లేదు.

చూపించాను. చాలాసేపు ఆ ఆరు బాణాల వంకే చూసింది. "అంటే... నాకు రాదు అని కాదన్నమాట. తప్పుగా నేర్చుకున్నాను" అంది. ఆ రోజంతటిలో ఆమె నిటారుగా కూర్చున్నది ఆ మాట అన్నప్పుడే.

వ్యక్తిత్వం గురించి నాకు చెప్పాలనిపించే మాట ఇక్కడే ఉంది. "నాకు సి వచ్చింది" అనడానికీ "నేను సి స్టూడెంటుని" అనడానికీ మధ్య ఆకాశమంత తేడా ఉంది. మొదటిది వివరం. రెండోది తీర్పు. వివరాన్ని విప్పి చూడొచ్చు, తప్పెక్కడుందో వెతకొచ్చు, సరిదిద్దుకోవచ్చు. తీర్పుతో ఏమీ చెయ్యలేం, దాని కింద తలొంచుకుని కూర్చోవడం తప్ప. తెలివైన పిల్లలకు ఈ తేడా ఆలస్యంగా తెలుస్తుంది. స్కూల్లో కష్టపడకుండానే ఏ లు వచ్చాయి కాబట్టి, తప్పుని దగ్గరగా చూసే అలవాటు వాళ్లకు పడదు. తప్పంటే వాళ్లకు వేలు అడ్డం పెట్టి దాచుకోవలసిన వస్తువు.

మరొకటి, అడగడం. సెమిస్టరంతా ఆర్గానిక్ ప్రొఫెసర్ వారానికి రెండు సార్లు, గంట చొప్పున విద్యార్థుల కోసం తన గదిలో కూర్చున్నారు. ఈమె ఒక్కసారీ వెళ్లలేదు. ఎందుకని అడిగితే, "నాకు రాదని ఆయనకి తెలిసిపోతుందిగా" అంది. డాక్టరు కావాలనుకునే పిల్ల ఈ సిగ్గుని ఇప్పుడే దాటాలి. రేపు వార్డులో తనకు తెలియనిది ఎదురైతే పెద్ద డాక్టర్ని అడగాలి. అక్కడ అడగడానికి సిగ్గుపడితే నష్టపోయేది రోగి.

తల్లిదండ్రులకూ ఒక మాట. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన రోజు నుంచి చదువు రికార్డు మీద హక్కు పిల్లలదే. పిల్లల అనుమతి లేకుండా గ్రేడులు చెప్పండని ఫోను చేస్తే కాలేజీలు మామూలుగా చెప్పవు. అంటే మీకు తెలిసే దారి ఒక్కటే, మీ పిల్ల మీకు చెప్పడం. ఆ పిల్ల చెప్పాలంటే, చెప్పిన మొదటి నిమిషంలో ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకు భయం ఉండకూడదు. "ఫలానా వాళ్లబ్బాయికి నాలుగు పాయింట్ సున్నా అట" అనే వాక్యం ఒక్కటి చాలు, తర్వాతి సెమిస్టరు కబుర్లు మీకు చేరకుండా పోవడానికి. ఒక సి రాగానే కరీబియన్ మెడికల్ కాలేజీల బ్రోషర్లు తెప్పించేవాళ్లూ, ఇండియాలో ఎన్నారై కోటా సీటు కోసం బంధువులకు ఫోన్లు చేసేవాళ్లూ నాకు తెలుసు. ఆ దారులు తప్పని అనను, వాటిలో వెళ్లి మంచి డాక్టర్లయినవాళ్లున్నారు. కానీ ఎన్నారై కోటాకైనా నీట్ రాయాల్సిందే, చదువయ్యాక అమెరికా తిరిగొస్తే లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాయాల్సిందే. పందొమ్మిదేళ్ల పిల్ల భవిష్యత్తుని ఒక్క సెమిస్టరు చూసి దేశం దాటించడం తొందరపాటు.

ఆ రాత్రి మేనకోడలికి జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పాను. భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్. ఆ కాగితంతోనే బోస్టన్‌కి వచ్చి, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ఒకటి సిరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టారు, ఇప్పటికీ దాన్ని ఫిస్కే సుబ్బారో పద్ధతి అంటారు. కాలం వేరు, ఇప్పటి పోటీ వేరు, ఆ మాటా ఆమెకు చెప్పాను. అయినా ఆమె అడిగింది, "మూడోసారి రాసేటప్పుడు ఆయనకి ఎలా ఉండి ఉంటుంది మావయ్యా?" అని. నా దగ్గర జవాబు లేదు.

దరఖాస్తులో ఈ సి గురించి ఏం రాయాలి అన్నది చివరి ప్రశ్న. వ్యక్తిగత వ్యాసానికి ఇచ్చేది 5300 అక్షరాలు, ఖాళీలతో కలిపి. అందులో సగం ఒక గ్రేడుకి సంజాయిషీ రాస్తే, తానెవరో చెప్పుకోవడానికి చోటు మిగలదు. తర్వాత స్కూళ్లు విడివిడిగా పంపే ప్రశ్నల్లో అడిగితే మూడు వాక్యాలు చాలు. ఏం జరిగింది, ఏం మార్చుకున్నాను, తర్వాత ఏం వచ్చింది. ప్రొఫెసర్ మంచివారు కాదనీ, పరీక్ష అన్యాయంగా ఉందనీ రాయకూడదు. చదివేవాళ్లలో చాలామంది డాక్టర్లే, సాకు ఏదో నిజం ఏదో వాళ్లకు తెలుసు.

ఆ మర్నాడు పొద్దున వాళ్లమ్మకు ఫోను చేసింది. నేను పక్క గదిలోకి వెళ్లిపోయాను. ఏం మాట్లాడుకున్నారో వినలేదు గానీ, పదిహేను నిమిషాల తర్వాత బయటికొచ్చి ఆకలేస్తోంది అంది. మా ఆవిడ గోంగూర పచ్చడి, వేడన్నం పెట్టింది.

జనవరిలో సెమిస్టరు మొదలైన మొదటి వారమే ఆ ప్రొఫెసర్ గదికి వెళ్లి, తన ఆరు బాణాలూ చూపించింది. ఆర్గానిక్ రెండో భాగంలో బి ప్లస్ వచ్చింది. మూడో సంవత్సరం బయోకెమిస్ట్రీలో ఏ. మొదటి సి ట్రాన్స్‌క్రిప్టులో అలాగే ఉంది, ఎప్పటికీ ఉంటుంది. వచ్చే మే నెలలో ఆమ్‌కాస్ తెరిచాక మిగతా గ్రేడులన్నిటితో పాటు దాన్నీ నింపుతుంది.